తివాచీ దులిపితే తేలిన లెక్క



పల్లె మందిరంలో పరిచే జంపఖానాను ఎట్లా ఉతుకుతారో మీకు మేము చెప్పనక్కరలేదు. క్రిస్మస్‌కు వారం ముందు నలుగురు యువకులు దాన్ని చుట్టి, రిక్షా మీద వేసుకుని కాలువ రేవుకు పోతారు. బండ మీద బాది, కాళ్ళతో తొక్కి, నాలుగు కొసలు నలుగురూ పట్టుకుని మెలిపెట్టి పిండి, గట్టున ఆరవేస్తారు. పొద్దు గుంకేసరికి ఎండిపోతుంది. అయ్యే ఖర్చల్లా నాలుగు సబ్బు బిళ్ళలు, తలా ఒక టీ.

పట్నంలో పదో అంతస్తులో ఉన్నవారికి కాలువ లేదు, గట్టు లేదు. సోఫాను విప్పి ఉతికే వీలు లేదు. గోడ నుంచి గోడకు అతికించిన తివాచీని ఎత్తి దులిపే వీలూ లేదు. అందుచేత రేవునే ఇంట్లోకి తీసుకుపోవాలి. నీళ్ళు లోపలికి పంపి, మురికితో సహా ఆ నీళ్ళను వెనక్కి లాగాలి. మేమిద్దరం హైదరాబాదులో ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పని ఇదే.

ఈ మాసం దీన్ని గురించి వ్రాయడానికి కారణం ఉంది. మా అన్నయ్యగారి అబ్బాయి ఊరి నుంచి ఫోన్ చేశాడు. "బాబాయ్, తివాచీలు కడిగే యంత్రం కొంటాను. అరెకరం అమ్మేద్దామని నాన్నతో చెప్పాను. ఒక్క పెద్ద అపార్ట్‌మెంట్ కాంట్రాక్టు దొరికితే చాలు కదా? పిన్నిని కూడా అడిగి చెప్పు" అన్నాడు. సెల్‌ఫోన్‌లో అమెరికా వీడియోలు చూశాడట. అక్కడ ఒక మనిషి ఒక వ్యానుతో అపార్ట్‌మెంట్ల కాంట్రాక్టులు పట్టి బాగా సంపాదిస్తున్నాడట. వాళ్ళ నాన్న మాత్రం ఏమీ అనలేదట. అన్నయ్య ఏమీ అనలేదంటే మనసు ఒప్పుకోలేదనే అర్థం.

ఇటువంటి ఆలోచనలో ఉన్న పిల్లలు మీ ఇళ్ళలోనూ ఉండవచ్చు. కనుక వాడికి చెప్పిన సంగతులే ఇక్కడ మీకూ చెబుతున్నాము.

అమెరికా వేరు, మన ఊళ్ళు వేరు

అమెరికాలో అద్దె అపార్ట్‌మెంట్లలో చాలా వాటికి గదంతా పరచి అతికించిన తివాచీలు ఉంటాయి. ఒక కుటుంబం ఖాళీ చేసి వెళ్ళగానే, మరో కుటుంబం దిగేలోపు వాటిని శుభ్రం చేయిస్తారు. వందల ఇళ్ళన్నీ ఒకే యాజమాన్యం చేతిలో ఉంటాయి కాబట్టి ఎవరో ఒకరు ఎప్పుడూ ఖాళీ చేస్తూనే ఉంటారు. ఇల్లు ఖాళీగా ఉంటుంది, సామాను అడ్డం ఉండదు, పని ఏడాది పొడుగునా దొరుకుతుంది.

మన హైదరాబాదులోను, విజయవాడలోను ఇళ్ళలో నేల రాయో పలకో. తివాచీలు ఉండేది క్లబ్ హౌస్‌లోను, సినిమా గదిలోను, అతిథి గదుల్లోను. ఇళ్ళలో దొరికే పని సోఫాలు, పరుపులు, విడి తివాచీలు. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క యజమాని. అందరూ కాపురం ఉంటున్న ఇళ్ళే. అసోసియేషన్ సెక్రటరీగారు సంతకం పెట్టినంత మాత్రాన ఇంటావిడ తలుపు తీయాలని లేదు. ఈ ఒక్క తేడా ముందే గ్రహించి ఉంటే మాకు చాలా కష్టం తప్పేది.

మా పెద్ద కాంట్రాక్టు

2018 నాటికి మాకు ఒక యంత్రం, ఇద్దరు కుర్రాళ్ళు ఉన్నారు. విడి ఇళ్ళలో పని చేసేవాళ్ళం. సీటుకు 200 రూపాయలు తీసుకునేవాళ్ళం. రోజుకు మూడు ఇళ్ళు, ఇంటికి అయిదు సీట్లు అనుకుంటే 3,000 వచ్చేది. కుర్రాళ్ళకు చెరి 500, మందులకు 200, ఆటోకు 400 పోగా 1,400 మిగిలేది. నెలకు ఇరవై రోజులు పని దొరికితే 28,000. సాయంత్రానికి డబ్బు చేతికి వచ్చేది.

అటువంటి రోజుల్లో ఆరు బ్లాకులు, 540 ఇళ్ళు ఉన్న ఒక పెద్ద అపార్ట్‌మెంట్ నుంచి పిలుపు వచ్చింది. సెక్రటరీగారు మర్యాదస్తులు. కాఫీ ఇప్పించారు. "క్లబ్ హౌస్ తివాచీలకు నెలకు 18,000 ఇస్తాం. ఇళ్ళకు మాత్రం సీటుకు 110కే చెయ్యాలి. బిల్లంతా అసోసియేషనే కడుతుంది. 540 ఇళ్ళు, ఇంటికి అయిదు సీట్లు, మీరే లెక్క వేసుకోండి" అన్నారు.

మేము వేసుకున్నాం. 2,700 సీట్లు, 2,97,000 రూపాయలు. అంత మొత్తాన్ని మేము ఎన్నడూ కాగితం మీద కూడా వ్రాసి ఎరుగం. నెలాఖరున బిల్లు, బిల్లు ఇచ్చిన 30 రోజులకు చెల్లింపు అని ఒప్పందంలో ఉంది. చదివాం, సంతకం పెట్టాం.

రెండో యంత్రం అద్దెకు తెచ్చాం. మరో ఇద్దరిని పెట్టుకున్నాం. రోజుకు ఎనిమిది ఇళ్ళు పూర్తవుతాయని మా అంచనా. నాలుగైనా కాలేదు. సర్వీసు లిఫ్టు ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు వరకే ఇస్తారు. గేటు దగ్గర చీటీలు వ్రాయించుకోవడానికి అరగంట. ఒక ఇంట్లో పసిబిడ్డ నిద్రపోతుంటాడు, మరో ఇంట్లో చుట్టాలు ఉంటారు, ఇంకో ఇంటివాళ్ళు "ఆదివారం రండి" అంటారు. కుర్రాళ్ళు మెట్ల మీద కూర్చుని ఎదురుచూసేవారు. వాళ్ళు ఖాళీగా కూర్చున్నా రోజు కూలి రోజు కూలే.

మొదటి నెల లెక్క ఇది. నలుగురికి 26 రోజుల కూలి 52,000. రెండో యంత్రం అద్దె 8,000. మందులు 6,000. రాకపోకలు 5,000. మొత్తం 71,000. చేసింది 96 ఇళ్ళు. 480 సీట్లకు 52,800, క్లబ్ హౌస్‌కు 18,000, బిల్లు 70,800. అంటే నెల్లాళ్ళు ఇద్దరం తెల్లవారకముందే లేచి చాకిరీ చేసి, పైన 200 రూపాయలు ఎదురు పెట్టాం.

అది కూడా మాకు అప్పట్లో తెలియలేదు. రాత్రి అలిసిపోయి వచ్చి పడుకునేవాళ్ళం గాని కాగితం ముందు కూర్చునేవాళ్ళం కాదు. బిల్లు పెద్దది కదా, లాభం దానిలోనే ఉంటుందని నమ్మకం.

ఆ శనివారం

30 రోజుల్లో చెల్లింపు అన్న మాట వినడానికి చిన్నదిగానే ఉంటుంది. నెల మొదటి తారీఖున చేసిన పనికి బిల్లు వెళ్ళేది నెలాఖరున. డబ్బు వచ్చేది మరో 30 రోజులకు. అంటే మొదటి రోజు పనికి అరవయ్యో రోజున డబ్బు. అంతా సక్రమంగా జరిగినా రెండు నెలల ఖర్చు, అంటే 1,42,000, మా చేతి నుంచే పెట్టాలి. మా దగ్గర ఉన్నది 60,000.

పైగా ఆ నెలలోనే అసోసియేషన్‌కు ఎన్నికలు వచ్చాయి. కొత్త కమిటీ వారు పాత బిల్లులన్నీ పరిశీలించాలన్నారు. వారి తప్పు అనడానికీ లేదు. అందరి డబ్బుకూ జవాబు చెప్పుకోవలసినవారు.

రెండో నెల మూడో శనివారం నాటికి మా దగ్గర కూలికి సగమే ఉంది. నలుగురినీ కూర్చోబెట్టి చెప్పాం. ముగ్గురు గొణుక్కున్నారు. నాలుగో ఆయన మా ఊరివాడే, మా కంటే వయసులో పెద్ద. ఆయన ఒక్క మాట అనలేదు. ఇచ్చింది లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని వెళ్ళాడు. సోమవారం పనికి వచ్చాడు. మధ్యాహ్నం అందరూ క్యారియర్లు విప్పితే, ఆయన "ఆకలి లేదమ్మా" అని కుళాయి దగ్గరికి పోయి నీళ్ళు తాగాడు. క్యారియరే తేలేదు.

ఆ సాయంత్రం మేము గొలుసు తాకట్టు పెట్టాం. కూలి బాకీ అంతా ఇచ్చేశాం. పెద్ద కాంట్రాక్టు అంటే పెద్దవారు మనకు ఇచ్చే పని అనుకున్నాం. కాని ఆ 60 రోజులూ మేమే ఆ 540 ఇళ్ళవారికి వడ్డీ లేకుండా అప్పు ఇస్తున్నాం. మేము ఇవ్వలేకపోయిన భాగం మా దగ్గర రోజు కూలి చేసే మనిషి అన్నంలో నుంచి పోయింది.

మా తప్పు ఒకటి

అన్నీ అవతలివారి మీద పెట్టడం న్యాయం కాదు. ఆ తొందరలోనే ఒక ఇంట్లో ఎర్రటి ఉన్ని తివాచీ రంగు వదిలింది. పక్కనే ఉన్న తెల్లని అంచు గులాబీ రంగుకు తిరిగింది. ఆ కుర్రాడు పరీక్ష చేయకుండానే మందు చల్లాడు. రోజుకు ఎనిమిది ఇళ్ళు కావాలని తరిమింది మేము. కనుక తప్పు మాదే.

ఈ పని నేర్చుకునేవారికి నాలుగు మాటలు. మొదట పొడి దుమ్మును వాక్యూమ్‌తో బాగా లాగాలి. దుమ్ము మీద నీళ్ళు పోస్తే బురద అవుతుంది. తరువాత తడిపిన తెల్లగుడ్డను కనబడని మూల మీద కాసేపు అదిమి పట్టి చూడాలి. గుడ్డకు రంగు అంటితే అక్కడే ఆగిపోవాలి. ఉన్నికి, పట్టుకు ఘాటైన క్షారపు మందులు, మరిగే నీళ్ళు పనికిరావు. పట్టు తివాచీని ఇంట్లో తడపనే కూడదు. వరంగల్ జంపఖానాలు 2018లో భౌగోళిక గుర్తింపు పొందినవి, మన్నికైనవి, అయినా నూలువి గనుక ముడుచుకుపోతాయేమో చూసుకోవాలి. నీళ్ళు పెట్టడం కంటే వెనక్కి లాగడం ముఖ్యం. లాగిన తరువాత ఫ్యాను పెట్టాలి. వానాకాలంలో ఒకటి రెండు రోజులు తడి నిలిచిందంటే బూజు, వాసన మొదలవుతాయి. ఈ పనులన్నింటికీ సమయం పడుతుంది. తక్కువ రేటుకు ఒప్పుకున్నవాడు ముందుగా దొంగిలించేది ఈ సమయాన్నే.

బిల్లు ఇచ్చిన 74వ రోజున డబ్బు వచ్చింది. తివాచీ నష్టం కింద 9,000, ఆదాయపు పన్ను కింద ఒక శాతం 708 మినహాయించి 61,092 రూపాయలు. మేము నోరెత్తలేదు.

రెండో ఒప్పందం

రెండో నెలాఖరుకే ఇళ్ళ పని ఆపేసి, క్లబ్ హౌస్ ఒక్కటే చేస్తూ ఉన్నాం. డబ్బు వచ్చాక లెక్కల పుస్తకం పట్టుకుని కొత్త సెక్రటరీగారి దగ్గరికి వెళ్ళాం. ఏ రోజు ఎన్ని ఇళ్ళు చేశాం, ఎన్ని గంటలు మెట్ల మీద కూర్చున్నాం అన్నీ చూపించాం. మూడు మాటలు అడిగాం. క్లబ్ హౌస్ పనికి మాత్రమే అసోసియేషన్ బిల్లు. ఇళ్ళవారు పని అయిన వెంటనే మాకే ఇవ్వాలి. సీటుకు 150. వారానికి ఒక బ్లాకు, ముందుగా పేరు వ్రాయించుకున్న ఇళ్ళకే వెళతాం.

పని పోతుందనే అనుకున్నాం. ఆయన పుస్తకం తిరగేసి, "ఈ సంగతి మొదటే చెప్పి ఉండవలసింది కదండీ" అన్నారు. నిజమే. మొదట మాకే తెలియదు.

అప్పటి నుంచి ముగ్గురు కుర్రాళ్ళు, ఒకే యంత్రం. నెలకు 80 ఇళ్ళు. 60,000 చేతికి చేతికి, 18,000 బిల్లు మీద. ఖర్చులు కూలికి 39,000, మందులకు 5,000, రాకపోకలకు 5,000, మరమ్మతులకు 2,000. మిగిలింది 27,000. చూశారా, విడి ఇళ్ళలో తిరిగినప్పుడు మిగిలినదానికి ఇంచుమించు అంతే. తిరుగుడు తగ్గింది, పని రోజులు ముందుగా తెలిశాయి. అంతకు మించి కాంట్రాక్టు మాకు ఏమీ పెంచలేదు.

అదైనా రెండు నెలలే. సోఫాను ఏడాదికి ఒకసారి కడిగిస్తే గొప్ప. 540 ఇళ్ళలో ఆ ఏడాది మమ్మల్ని పిలిచినవి 350 దాటలేదు. తరువాత క్లబ్ హౌస్ ఒక్కటే మిగిలింది. కనుక ఒక్క అపార్ట్‌మెంట్‌ను నమ్ముకుంటే ఏడాదిలో సగం ఖాళీ. ఇప్పుడు మాకు నాలుగు చోట్ల పని ఉంది. ఏ ఒక్క చోటు నుంచీ మా రాబడిలో సగానికి మించి రాకుండా చూసుకుంటాం. విడి ఇళ్ళను మాత్రం వదల్లేదు.

కాగితాల సంగతి

ఒప్పందంలో రేటు వ్రాసేటప్పుడు "జీఎస్టీ అదనం" అని వ్రాయించుకోవాలి. సేవల వ్యాపారంలో ఏడాది రాబడి 20 లక్షలు దాటితే నమోదు కావాలి. శుభ్రపరిచే పనికి 18 శాతం. "అన్నీ కలిపి లక్ష" అని ఒప్పుకుంటే అందులో 15,254 పన్నుకే పోతుంది.

ఆదాయపు పన్ను కింద మినహాయించిన ఒక శాతం పోయినట్టు కాదు. పాన్ కార్డు ఇచ్చి, ఏడాది చివర రిటర్ను వేస్తే మన పన్నులో జమ అవుతుంది, ఎక్కువైతే తిరిగి వస్తుంది.

2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ఒకటి ఉంది. ఉద్యం నమోదు చేసుకున్న చిన్న వ్యాపారికి, వ్రాతపూర్వకమైన ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి బాకీ ఆపకూడదు. మించితే వడ్డీ ఇవ్వాలి. నమోదుకు రుసుము లేదు. చట్టం పట్టుకుని అసోసియేషన్‌తో పోట్లాడమని మేము చెప్పడం లేదు. "ఇట్లా ఉందండీ" అని ఒప్పందానికి ముందే మర్యాదగా చెప్పుకోవడానికి పనికివస్తుంది.

పనివాళ్ళకు బ్యాంకు ఖాతా ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు. 18 నుంచి 70 ఏళ్ళ వారికి వర్తిస్తుంది. ఆ 20 రూపాయలు యజమానే కట్టాలని మా అభిప్రాయం.

చివరగా, కాగితంలో లేని పని. కాంట్రాక్టు ఉన్నచోట "ఆ చేత్తోనే ఇది కూడా చూడండి" అనడం మామూలే. కిటికీ తుడవమంటే తుడుస్తాం. ఒక అపార్ట్‌మెంట్‌లో మాత్రం మా కుర్రాళ్ళను సెప్టిక్ ట్యాంకులోకి దిగమన్నారు. ఒప్పుకోలేదు. ఆ కాంట్రాక్టు పోయింది. అందులోని గాలి నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారం 30 లక్షలు ఉండాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. 30 లక్షలు ఇచ్చినా తండ్రి తిరిగి రాడు. ఆ యంత్రాలు ఉన్నవారు వేరే ఉన్నారు, వారినే పిలవమనాలి.

అబ్బాయికి చెప్పింది

ఇవన్నీ విని వాడు కాసేపు మాట్లాడలేదు. "అయితే వద్దంటావా పిన్నీ?" అన్నాడు.

వద్దనలేదు. ఈ పని మాకు అన్నం పెట్టింది, పిల్లల్ని చదివించింది. "అరెకరం మాత్రం అమ్మకురా. ముందు వచ్చి ఆరు నెలలు మా దగ్గర కూలికి చెయ్యి. మెట్ల మీద కూర్చుని చూడు. తివాచీ తెలుస్తుంది, మనుషులు తెలుస్తారు. తరువాత చిన్న యంత్రం కొనుక్కుని విడి ఇళ్ళు మొదలుపెట్టు. ఎవరైనా పెద్ద కాంట్రాక్టు ఇస్తానంటే మొత్తం ఎంతో అడగకు. డబ్బు రాకుండా ఎన్ని శనివారాలు కూలి ఇవ్వగలవో లెక్క వేసుకో. తొమ్మిది శనివారాలు ఇవ్వలేకపోతే, దణ్ణం పెట్టి తిరిగి వచ్చెయ్యి" అన్నాం.

మేము చెప్పినదంతా వాడు వాళ్ళ నాన్నకు చెప్పాడట. ఆ రాత్రి అన్నయ్య తానే ఫోన్ చేశాడు. పొలం మాట ఎత్తలేదు. "సంక్రాంతి వెళ్ళాక పంపిస్తాను, కాస్త కనిపెట్టి ఉండండి" అన్నాడు.

ఆకలి లేదన్న ఆ పెద్దాయన ఇప్పటికీ మాతోనే ఉన్నారు. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకు తెల్లగుడ్డ పరీక్ష నేర్పేది ఆయనే. అబ్బాయిని ఆయన చేతికే అప్పగిస్తాం. శనివారం సాయంత్రం కూలి మాత్రం మేమే ఇస్తాం, అయిదు దాటకుండా.